గురి తప్పిన బాంబుకి ఊరే గురి: విశాఖ ఆదివారం నడక మీద సమీక్ష

యుద్ధంలో నగరాల మీద బాంబులు ఎందుకు వేస్తారు, వేసేవాళ్ళు తమకు తాము ఏం సర్దిచెప్పుకుంటారు? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లిన నడక ఒకటి విశాఖలో ఆదివారాలు జరుగుతోంది. మనిషికి 600 రూపాయలు, నాలుగు గంటలు, జట్టుకి 16 మంది. మధ్యాహ్నం మూడింటికి వన్ టౌన్ పాత పోస్టాఫీసు దగ్గర కూడతారు. కోటవీధి, కురుపాం మార్కెట్ సందులు తిరుగుతారు. అక్కణ్ణుంచి మినీ బస్సులో బీచ్ రోడ్డుకొచ్చి విశాఖ మ్యూజియం, 1971 యుద్ధ స్మారకమైన విక్టరీ ఎట్ సీ స్తూపం, నౌకాదళం వాడి వదిలేసిన టీయూ-142 విమానం చూస్తారు. మ్యూజియం టికెట్లు ఈ డబ్బులో కలవవు. హెరిటేజ్ వాక్ అంటే పాత బంగళాల ముందు ఫోటోలు, చివర్లో కాఫీ అనుకుని వచ్చేవాళ్ళు మాత్రం నిరాశపడతారు. ఇక్కడ నడక తక్కువ, లెక్కలు ఎక్కువ.

ముందే చెప్పాల్సిన మాట: మొదటి రెండు గంటలు అద్భుతం. ఆ తర్వాత పట్టు సడలింది, అది కూడా సరిగ్గా పట్టు బిగించాల్సిన చోట.

ఈ ప్రశ్నకి విశాఖే ఎందుకు అంటే, రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. ముందురోజు ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద వేసింది జపాను అడ్మిరల్ నగుమో నౌకాదళం. బంగాళాఖాతంలోకి వచ్చింది మరో అడ్మిరల్ ఒజావా దళం, మన తీరానికి విమానాలు పంపింది అందులోని రియూజో అనే చిన్న విమానవాహక నౌక. వాళ్ళకి కావలసింది మన ఊరు కాదు, ఓడలు, రేవు. 1933లో తెరిచిన హార్బరు, 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డు అప్పటికే ఇక్కడున్నాయి. ప్రాణనష్టం కొద్దిమందితోనే ఆగింది. ఊరు మాత్రం ఖాళీ అయింది. బళ్ళు కట్టుకుని, రైళ్ళు పట్టుకుని లోపలి ఊళ్ళకి పోయారు జనం.

ఇంతవరకూ విశాఖలో చాలామందికి తెలిసిన సంగతే. గైడు చేసిన తెలివైన పని ఏమిటంటే, రేవు ముఖద్వారం, అవతల డాల్ఫిన్ నోస్ కొండ కనిపించే చోట అందరినీ నిలబెట్టి ఒక కాగితం ఇస్తాడు. అందులో మూడే తేదీలు. 1942 ఫిబ్రవరి 14: ఇకపై గురి పెట్టాల్సింది రేవుల మీదో విమాన కర్మాగారాల మీదో కాదు, జనం కిక్కిరిసిన నివాస ప్రాంతాల మీద అని, మర్నాటి వివరణతో కలిపి, బ్రిటిష్ వైమానిక దళంలో బాంబులు వేసే విభాగమైన బాంబర్ కమాండ్‌కి ఆదేశం. మార్చి 28 రాత్రి: ఆ ఆదేశం ప్రకారం జర్మనీలోని లూబెక్ పాతబస్తీ దహనం. మార్చి 30: బాంబులతో ఎంతమంది జర్మన్లని ఇల్లు లేకుండా చేయొచ్చో చర్చిల్ సలహాదారు లార్డ్ చెర్వెల్ రాసిన లెక్క. విశాఖ మీద బాంబులు పడింది ఆ లెక్క రాసిన వారానికి. అంటే ఇక్కడ రేవుని గురిపెట్టిన దాడికే బ్రిటిష్ ఇండియా గగ్గోలెత్తుతున్న రోజుల్లోనే, లండన్లో రేవుల్ని వదిలి ఇళ్ళనే గురి చేసుకోవాలని తీర్మానం అయిపోయింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూపించడం వల్ల చర్చ మొదట్లోనే 'వాళ్ళు రాక్షసులు, వీళ్ళు మంచివాళ్ళు' అన్న దారి పట్టకుండా ఆగుతుంది. టికెట్ డబ్బు ఇక్కడికే సగం గిట్టుబాటు.

ఆ తర్వాత అసలు పని. ప్రతి ఇద్దరికీ ఒక సంచీ ఇస్తారు. అందులో 1:50,000 స్కేలులో విశాఖ మ్యాపు, ట్రేసింగ్ కాగితాలు, పెన్సిలు, స్కూలు జామెట్రీ బాక్సులో ఉండే వృత్తలేఖిని. హార్బరు మీద ముల్లు గుచ్చి 5 మైళ్ళ వ్యాసార్ధంతో గుండ్రం గీయమంటారు. 5 మైళ్ళంటే 8 కిలోమీటర్లు, ఈ స్కేలులో 16 సెంటీమీటర్లు. జామెట్రీ బాక్సు వృత్తలేఖిని అంత తెరుచుకోదు. అందరూ అక్కడే ఇరుక్కుంటారు. ముల్లుకి దారం కట్టి, దారం చివర పెన్సిలు పెట్టి తిప్పితే పని అవుతుంది. దారం సాగనిది కావాలి, పూలు కట్టే దారం పనికిరాదు. గీశాక చూస్తే గుండ్రం కాగితం దాటి పోతుంది. మ్యాపు 1:1,00,000 స్కేలులో ఇస్తే 8 సెంటీమీటర్లతో సరిపోయేది, వృత్తలేఖినీ చాలేది. నిర్వాహకులు ఈ చిన్న మార్పు చేస్తే పది నిమిషాలు కలిసొస్తాయి.

గుండ్రంలో ఏమేం పడ్డాయో చదవమంటాడు గైడు. మల్కాపురం, గాజువాక, వన్ టౌన్, జగదాంబ, కేజీహెచ్, ఆంధ్రా యూనివర్సిటీ, ద్వారకానగర్, మద్దిలపాలెం, ఎన్ఏడీ కూడలి. సింహాచలం కొండ తృటిలో బయటపడింది. అప్పుడు అసలు సంఖ్య చెప్తాడు. 1941 ఆగస్టులో బట్ అనే బ్రిటిష్ అధికారి బాంబర్లు తీసిన ఆరువందలకు పైగా ఫోటోలు పరిశీలించి నివేదిక ఇచ్చాడు. లక్ష్యం మీద బాంబులు వేశామని చెప్పుకున్న విమానాల్లో మూడింట ఒకటి మాత్రమే ఆ 5 మైళ్ళ గుండ్రంలోకి వచ్చింది. లక్ష్యం మధ్యకి కాదు, గుండ్రంలోకి. పొగ, మంచు కమ్మే జర్మనీ రూర్ పారిశ్రామిక ప్రాంతంలో పదింట ఒకటి. అమావాస్య రోజుల్లో పదిహేనింట ఒకటి. అంటే షిప్‌యార్డుని కొట్టొచ్చామని వచ్చి చెప్పిన ముగ్గురిలో ఇద్దరు గాజువాకకీ మద్దిలపాలేనికీ కూడా అవతల ఏ పొలంలోనో వేసి వచ్చారన్నమాట.

ఎందుకలా అన్నది ఇక్కడ చక్కగా విడమరిచారు. బ్రిటిష్ విమానాలు పగలు వెళ్తే జర్మన్లు కూల్చేస్తున్నారు. 1939 డిసెంబరు 18న జర్మన్ దీవి హెలిగొలాండ్ దగ్గరికి వెళ్ళిన 22 వెల్లింగ్టన్ బాంబర్లలో 12 పోయాయి. అందుకని రాత్రికి మారారు. రాత్రి కింద దీపాలుండవు. దిక్కు, వేగం, గడియారం చూసుకుని లెక్కమీద వెళ్ళాలి. గాలి వేగం అంచనా గంటకి 20 కిలోమీటర్లు తప్పితే మూడు గంటల ప్రయాణంలో 60 కిలోమీటర్లు పక్కకి పోతారు. సరైన చోటికే వచ్చారనుకుందాం. 6 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలిన బాంబు నేల చేరడానికి, గాలి అడ్డుని వదిలేసి లెక్కేస్తే, 35 సెకన్లు. గంటకి 350 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఆలోగా దాదాపు 3.4 కిలోమీటర్లు పోతుంది, కాబట్టి అంత ముందే వదలాలి. ఒక సెకను ఆలస్యమైతే దాదాపు 100 మీటర్లు తేడా. సెకనుకి 10 మీటర్ల పక్కగాలిని పసిగట్టకపోతే మరో 350 మీటర్లు. వీటన్నిటి మీదా ప్రాణభయం. ముందు వెళ్ళినవాళ్ళు రేపిన మంట కనపడగానే వెనకవాళ్ళు కాస్త ముందే మీట నొక్కేసి తిరిగేవాళ్ళు. ఆ వెనకవాళ్ళు ఇంకాస్త ముందు. అలా బాంబుల వరస లక్ష్యం నుంచి వచ్చిన దారి వెంట వెనక్కి పాకేది. ప్రణాళికలు వేసేవాళ్ళు దీన్ని అరికట్టలేక, గురి బిందువుని లక్ష్యానికి అవతల పెట్టి ఈ పాకుడుని లెక్కలో కలుపుకున్నారు. నగరం మీద దాడిలో ఇది నష్టం కాదు కదా, వరసగా అన్ని పేటలూ తగలబడే సాధనమైంది.

ఈ నడక చెప్పదలచుకున్న విషయం ఇదే, బాగా చెప్పింది కూడా. ముందు నీతి మారి తర్వాత బాంబులు పడలేదు. ఫ్యాక్టరీని కొట్టడం చేతకాలేదు, చేతనైన పరిమాణానికి లక్ష్యాన్ని పెంచారు. ఊరంత లక్ష్యమైతే తప్పిపోదు. ఆ పెంచిన లక్ష్యానికి కారణం కావాలి కాబట్టి 'జనం మనోధైర్యం దెబ్బతీయడం' అన్న సిద్ధాంతాన్ని, 1920లలో ఇటలీ సేనాని డుయే చెప్పినదాన్ని, అటక మీంచి దించారు.

చెర్వెల్ లెక్కని కురుపాం మార్కెట్ అరుగు మీద కూర్చోబెట్టి చేయిస్తారు. ఒక బాంబర్ కూలిపోయేలోగా సగటున 14 సార్లు వెళ్తుంది, మొత్తం 40 టన్నులు వేస్తుంది. బర్మింగ్‌హామ్, హల్ ఊళ్ళ మీద పడ్డ జర్మన్ బాంబుల అనుభవం ప్రకారం ఒక టన్ను 100 నుంచి 200 మందిని నిలవనీడ లేకుండా చేస్తుంది. అంటే ఒక బాంబర్‌కి 4,000 నుంచి 8,000 మంది. బాంబర్లు 10,000, అవి మోసే బాంబుల్లో సగమే నగరాల మీద పడ్డా చాలు. లక్ష జనాభా దాటిన 58 జర్మన్ నగరాలు. తేలేదేమిటంటే జర్మన్లలో మూడోవంతు మంది రోడ్డున పడతారు, యుద్ధం చేసే ఓపిక చస్తుంది. గుణకారం తప్పు లేదు. తప్పు ఎక్కడుందో పట్టుకోమని గైడు పావుగంట టైమిస్తాడు. జట్టులో చదువుకున్న కుర్రాళ్ళు చాలావరకు పట్టుకున్నారు. బాంబర్లన్నీ అనుకున్న సమయానికి తయారవుతాయన్నది ఒకటి. వాటి బాంబుల్లో సగమైనా ఊళ్ళ మీదే పడతాయన్నది రెండోది, బట్ నివేదిక వచ్చి అప్పటికి ఏడు నెలలు. ఇల్లు పోయినవాడు పని మానేస్తాడన్నది మూడోది, అన్నిటికంటే బోలు. పైగా బర్మింగ్‌హామ్, హల్ పరిశీలన చేసిన శాస్త్రవేత్తలకు అక్కడ జనం గుండె చెదిరిన ఆనవాళ్ళే దొరకలేదు. వాళ్ళ అంకెలే వాడుకుని వాళ్ళు తేల్చినదానికి ఎదురు తేల్చాడు చెర్వెల్. ఇళ్ళ నష్టం అంచనా ఐదింతలు ఎక్కువ వేశారని శాస్త్రవేత్త టిజార్డ్, ఆరింతలని మరో శాస్త్రవేత్త బ్లాకెట్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. యుద్ధం అయ్యాక చూస్తే పదింతలు ఎక్కువ. ఆ బ్లాకెటే స్వాతంత్ర్యం తర్వాత నెహ్రూ ప్రభుత్వానికి రక్షణ విజ్ఞానంలో సలహాదారుగా వచ్చాడు. గైడు ఈ సంగతి చెప్పలేదు, చెప్తే మనవాళ్ళకి ఇంకా పడుతుంది.

ఇలాంటిదే మరొకటి వదిలేశారు. స్పెయిన్ యుద్ధంలో బాంబుదాడులు కళ్ళారా చూసొచ్చి, లండన్ జనానికి లోతైన సొరంగ ఆశ్రయాలు కట్టాలని పోరాడిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ చివరికి మన దేశ పౌరుడై 1964లో భువనేశ్వర్లో చనిపోయాడు. దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చాడు. విశాఖతో పాటు అదే రోజు బాంబులు పడ్డ కాకినాడ. విశాఖ నడకలో ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఏం దొరుకుతుంది?

సందుల్లోకి తీసుకెళ్ళి నిప్పు బాంబుల గురించి చెప్పిన ఘట్టం మనసు మీద ముద్ర వేస్తుంది. మామూలు పేలుడు బాంబు కంటే ఊరిని చంపేది నిప్పు. వరస ఇది: ముందు 4,000 పౌండ్ల పల్చటి రేకు బాంబులు. వాటి పని గొయ్యి తవ్వడం కాదు, వత్తిడి గాలితో పెంకులు లేపేయడం, కిటికీలు తలుపులు ఊడగొట్టడం. అప్పుడు ప్రతి ఇల్లూ గాలి పీల్చే పొయ్యి అవుతుంది. వెనకే వేలకు వేలు 4 పౌండ్ల మెగ్నీషియం కడ్డీలు, ఆరు పలకలవి, మూర కంటే కాస్త ఎక్కువ పొడవు. కప్పులోంచి అటక మీద పడి మండుతాయి. ఒక్కదాన్ని ఇసకబుట్టతో ఆర్పొచ్చు. అందుకని కొన్నిట్లో చిన్న పేలుడు మందు పెట్టారు, ఏది పేలుతుందో తెలియక ఆర్పేవాడు దగ్గరికి రాడు. ఆలస్యంగా పేలే బాంబులు కూడా కలిపారు, ఫైరింజన్లు వీధిలోకి రాకుండా. కిందనుంచి చూస్తే ఈ సందుల్లో మిగిలిన పాత పెంకుటిళ్ళు, వాటి టేకు దూలాలు, ఇల్లూ ఇల్లూ పంచుకునే గోడలు. మంట ఎటు నుంచి ఎటు పాకుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. చాలా మంటలు ఒక్కటైతే వేడి గాలి పైకి లేచి, చుట్టూ ఉన్న గాలిని తుఫానులా లోపలికి లాగుతుంది. 1943 జులై 27 రాత్రి హాంబర్గ్‌లో జరిగిందది. ఆ వరస దాడుల్లో 35 వేలకు పైగా జనం పోయారు, చాలామంది నేలమాళిగల్లో ఊపిరాడక. మెగ్నీషియం కడ్డీలో అటక మీద పడే బరువు, ఇసకకి అందని సంఖ్య, ఆర్పేవాణ్ణి చంపే ఏర్పాటు అన్నీ ముందే కూర్చుని ఆలోచించినవి. 'మేం ఫ్యాక్టరీల కోసమే వేశాం, ఇళ్ళు మధ్యలో వచ్చాయి' అన్న వాదనకి ఆ కడ్డీయే సాక్ష్యం చెప్తుంది. అటక ఉండేది ఇళ్ళకే.

ఇక్కడే జట్టులోని ఒక రిటైర్డు పంతులు గారికీ గైడుకీ జరిగిన సంభాషణ నడకలో దొరికిన మేలిమి. "వాళ్ళు ముందు లండన్ మీద వేశారు కదా బాబూ, చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?" అన్నారాయన. "మాస్టారూ, అశ్వత్థామ కృపాచార్యుడితో అన్న మాట కూడా అదేనండి. ధర్మమనే గట్టుని పాండవులే ముందు తెంపారు, నాకు అడ్డేమిటీ అని" అన్నాడు గైడు. మాస్టారు నవ్వి, "సౌప్తికపర్వంలో నిద్రలో చచ్చినవాళ్ళు యోధులయ్యా, పిల్లలు కాదు" అని గైడుకే పాయింటు అందించారు. గైడు అక్కడ ఇంకొక్క మెట్టు ఎక్కాల్సింది. ప్రతీకారం ఎవరి మీద అన్న ప్రశ్న మాస్టారే తెచ్చి చేతిలో పెట్టారు, దాన్ని వదిలేసి బస్సు వచ్చిందన్నాడు.

మనోధైర్యం మాటకొస్తే విశాఖే మంచి పరీక్ష, ఆ పరీక్షని సగమే పెట్టారు. ఊరు ఖాళీ అయింది కాబట్టి బాంబులు జనాన్ని లొంగదీయలేవు అనడం తప్పు అని డుయే పక్షం వాదించొచ్చు. రేవులో పనిచేసే కూలీలు పోతే రేవు ఆగుతుంది, అది సైనిక ప్రయోజనమే. మద్రాసులోనైతే ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్ళకి తరలాయి, జూలో సింహాలూ పులులూ తప్పించుకుంటాయన్న భయంతో కాల్చేశారు. కానీ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, జనం భయపడి ఎత్తింది కాళ్ళు, తెల్లజెండా కాదు. ఊరొదిలినవాళ్ళు వెనక్కొచ్చారు, యుద్ధ నిర్ణయాలు తీసుకునేవాళ్ళ మీద ఆ భయం ఏ వత్తిడీ పెట్టలేదు. లండన్లో 1940-41లో, తర్వాత జర్మనీలో జరిగిందీ అదే. జర్మనీ ఆయుధాల ఉత్పత్తి 1944 నడిమి వరకు పెరుగుతూనే ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. విశాఖని ఖాళీ చేయించడానికి ఊరిని తగలబెట్టాల్సిన అవసరం రాలేదు, రేవు మీద నాలుగు బాంబులు చాలాయి. ఆ ప్రయోజనమే కావాలంటే రేవుని కొడితే వస్తుంది.

బీచ్ రోడ్డు చేరాక విశాఖ మ్యూజియంలో 1942 నాటి జపాను బాంబు ముందు నిలబెట్టి ఐదు కార్డులు పంచుతారు. ప్రతి కార్డు మీదా ఒక తేదీ, ఆ రోజుకి నిర్ణయం తీసుకునేవాడికి తెలిసిన విషయాలు. మీరైతే ఆజ్ఞ ఇస్తారా, ఇవ్వరా? ఈ ఏర్పాటు చాలా బావుంది, ఎందుకంటే తేదీ మారితే ఒకే వాదన బలం మారుతుందని చేత్తో పట్టుకుని చూసినట్టు తెలుస్తుంది. 1940 నవంబరులో బ్రిటన్ ఒంటరి, సైన్యం డంకర్క్ నుంచి ఆయుధాలు వదిలేసి వచ్చింది, జర్మనీని తాకగలిగింది బాంబర్ ఒక్కటే. ఓడిపోతే నాజీ పాలన. 'ఇంకో దారి లేదు' అన్న మాటకి ఆ రోజు బరువుంది. 1945 ఫిబ్రవరి 13న డ్రెస్డెన్ మీదికి వెళ్ళేటప్పటికి రష్యన్ సైన్యం బెర్లిన్‌కి వంద కిలోమీటర్ల లోపు ఉంది. అక్కడ 25 వేలదాకా జనం చనిపోయారు. ఆ మాట అప్పటికి అరిగిపోయింది.

అయితే ఈ రెండిటికీ మధ్యన ఉండాల్సిన కార్డు లేదు. ఈ నడక మీద పెద్ద ఫిర్యాదు ఇదే. గురి తప్పడం వల్లనే లక్ష్యం పెరిగిందని రెండు గంటలు నేర్పి, గురి కుదిరాక ఏమైందో చెప్పకపోతే ఎలా? 1942 మార్చిలో విమానానికి దారి చూపే గీ అనే రేడియో పరికరం వచ్చింది, ఆ తర్వాత అలాంటిదే ఓబో, నేలని చూపించే హెచ్2ఎస్ రాడార్, ముందు వెళ్ళి రంగు దీపాలు వదిలే మార్గదర్శక దళం. 1944 వసంతంలో అదే బాంబర్ కమాండ్ ఫ్రాన్సులో రైల్వే యార్డుల్ని రాత్రిళ్ళు వెతికి కొట్టింది. మే నుంచి అమెరికన్లు సింథటిక్ చమురు ఫ్యాక్టరీలని పట్టుకున్నారు, జర్మన్ విమానాలకి పెట్రోలు కరువైంది. యుద్ధం తర్వాత జరిగిన పరిశీలనలు జర్మనీ నడుం విరిచింది చమురు, రైలు దెబ్బలే అన్నాయి. అంటే 1944 నాటికి ఇంకో దారి ఉంది, ఆ దారి బాగా పనిచేసింది కూడా. అయినా బాంబర్ కమాండ్ అధిపతి హ్యారిస్ నగరాలని వదలలేదు. చేతకాక మొదలైన పని చేతనయ్యాక కూడా ఎందుకు ఆగలేదు? అప్పటికి విమానాలు, సిబ్బంది శిక్షణ, కర్మాగారాలు అన్నీ దానికే పోతపోసి ఉన్నాయి. పైగా యుద్ధం ముగిసేసరికి 55,573 మంది సిబ్బందిని పోగొట్టుకున్న దళానికి ఆ పని వృథా అని ఒప్పుకోవడం సాధ్యం కాదు. ఈ కార్డు లేకపోతే 'అప్పట్లో తప్పలేదు' అన్న సగం నిజంతో జనం ఇంటికి పోతారు. నగరాల దాడుల వల్ల జర్మన్ ఫిరంగులు, ఫైటర్ విమానాలు రష్యా యుద్ధరంగం నుంచి ఇంటికి రావాల్సొచ్చింది అన్నది సమర్థించేవాళ్ళ గట్టి వాదన. దాన్నీ చెప్పాలి, చెప్పలేదు.

అమెరికన్ల 'ఖచ్చితమైన' పగటి దాడుల గురించి ఒక్క మాట చాలు: గురి బిందువు నుంచి 1,000 అడుగుల లోపు పడ్డవి నూటికి 20 బాంబులే. మ్యాపు మీద ఆ గుండ్రం వ్యాసార్ధం 6 మిల్లీమీటర్లు. గీసి చూడండి, షిప్‌యార్డు మీద పెట్టి చూడండి.

జపానుకి కేటాయించింది అరగంట. ఇది అన్యాయం. 1945 మార్చి 9 రాత్రి టోక్యో కథలో ఈ నడక తర్కమంతా మళ్ళీ మొదటి నుంచి జరుగుతుంది. అమెరికా బీ-29 బాంబర్లు 30 వేల అడుగుల ఎత్తు నుంచి ఫ్యాక్టరీలకి గురి పెడితే, అక్కడి పెనుగాలుల్లో బాంబులు ఎటో పోయేవి. జనరల్ లిమే వచ్చి విమానాలని 5 నుంచి 9 వేల అడుగులకి దించాడు, తుపాకులు చాలావరకు తీయించి ఆ బరువుకి నిప్పు బాంబులు నింపాడు. 2.7 కిలోల ఎం-69 గొట్టాలు 38 చొప్పున కట్టలు. గాల్లో కట్ట విడిపోయి ఊరంతా చల్లుకుంటుంది. పడ్డాక ఒక్కో గొట్టం మండే జిగురుని విసురుతుంది. ఇవి చెక్క ఇళ్ళ మీద ఎలా పనిచేస్తాయో చూడ్డానికి అమెరికాలో యూటా రాష్ట్రంలోని డగ్‌వే ఎడారిలో జపాను ఇళ్ళ నమూనాలు, లోపల చాపలతో సహా, ముందే కట్టి కాల్చి చూశారు. 279 విమానాలు, 41 చదరపు కిలోమీటర్లు, లక్షదాకా ప్రాణాలు, ఒక్క రాత్రి. కారణంగా చెప్పిందేమిటంటే జపానులో ప్రతి ఇంట్లో చిన్న వర్క్‌షాపు ఉంటుందని. ఇక్కడ గైడు ట్రేసింగ్ కాగితం తీయించలేదు. ఆర్టీసీ కాంప్లెక్సు మీద ముల్లు పెట్టి 7.2 సెంటీమీటర్లతో గీస్తే 41 చదరపు కిలోమీటర్ల గుండ్రం వస్తుంది. అక్కయ్యపాలెం, మద్దిలపాలెం, జగదాంబ, కేజీహెచ్ అందులోవే. హిరోషిమా, నాగసాకిలని విడిగా, ఆకాశం నుంచి ఊడిపడ్డ పాపంలా చెప్పడం కూడా సరికాదు. అవి ఆ రాత్రికి కొనసాగింపు. క్యోటోని లక్ష్యాల జాబితా నుంచి అమెరికా యుద్ధ మంత్రి స్టిమ్సన్ తీయించాడన్న ఒక్క సంగతి చాలు, ఏ ఊరు ఉండాలో ఏ ఊరు పోవాలో బల్ల దగ్గర కూర్చుని ఎంచుకోగలిగారనడానికి.

టీయూ-142 దగ్గర గైడు ఒక పొరపాటు చెప్తున్నాడు, సరిదిద్దుకోవాలి. ఇది నగరాలని కాల్చే విమానం కాదు. జలాంతర్గాముల్ని వెతికేది, నీళ్ళలో చప్పుడు పట్టే సోనోబాయిలు, టార్పీడోలు వదిలేది. 2017లో రిటైరయ్యేదాకా 29 ఏళ్ళు మన నౌకాదళంలో ఈ రకం విమానాలన్నీ కలిసి 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయి. కానీ వంశం మాత్రం అదే. 1944లో వ్లాదివొస్తోక్‌లో దిగిన అమెరికన్ బీ-29లని సోవియట్లు నట్టుకి నట్టు విప్పి నకలు తీసి టీయూ-4 చేశారు. దాన్నుంచి టీయూ-95 అణు బాంబర్, దాన్నుంచి ఇది. లోపలికి ఎక్కితే ఒళ్ళు ముడుచుకుని నడవాల్సినంత ఇరుకు. ఆ ఒంటి వెడల్పు, 2.9 మీటర్లు, టోక్యో మీదికి వెళ్ళిన విమానం నుంచి వచ్చిన కొలత. ఆ గుల్లలో నిలబెట్టి ఇది చెప్తే చాలు, తప్పుడు మాట అక్కర్లేదు. నాలుగు ఇంజన్లకి ఎదురెదురుగా తిరిగే జంట ప్రొపెల్లర్లు, తోకలో 23 ఎంఎం తుపాకులు కూడా తీరిగ్గా చూడండి.

విక్టరీ ఎట్ సీ దగ్గర సముద్రపు గాలికి గైడు మైకు వినపడదు. చెప్పేది ముఖ్యమైనదే కాబట్టి దగ్గరగా నిలబడండి. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేసినప్పుడు కెమారీలో చమురు ట్యాంకులు తగలబడ్డాయి. చమురు సైనిక లక్ష్యం, ఊరు కాదు. అక్కడ గీత నిలబడిందా అని అడిగే ధైర్యం చేసినందుకు గైడుని మెచ్చుకోవాలి. అయితే అద్దాన్ని మనవైపు తిప్పలేదు. 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం, మన దేశం ఇంకా చేరనిది, ఒక ఊరిలో దూరం దూరంగా ఉన్న సైనిక లక్ష్యాలని కలిపి ఒకే లక్ష్యంగా బాంబులు వేయడాన్ని విచక్షణ లేని దాడి అంటుంది. హాంబర్గ్ పద్ధతికి అక్కడ తలుపు మూశారు. అదే ఒప్పందం కాచుకునేవాడికీ పని చెప్తుంది: సైనిక లక్ష్యాలని వీలైనంతవరకు జనావాసాలకి దూరంగా పెట్టుకోవాలని. రేవు, నేవల్ డాక్‌యార్డు, రిఫైనరీ, గోడకి గోడ ఆనుకుని మల్కాపురం ఇళ్ళు ఉన్న ఊళ్ళో ఆ వాక్యం చదవకుండా నడక ముగించడం పెద్ద లోటు. 2025 మే 7న పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగిన ఊళ్ళలో విశాఖ ఒకటి, కనీసం అక్కణ్ణుంచైనా ఎత్తుకోవచ్చు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. మూడింటికి వన్ టౌన్లో ఎండ మాడుతుంది, మార్చి నుంచి జూన్ వరకు గొడుగు, మంచినీళ్ళు మీవి మీరే తెచ్చుకోండి. సాగని నైలాన్ దారం ఒక మూర జేబులో వేసుకోండి. మ్యూజియాల సెలవు రోజులు, వేళలు ముందే కనుక్కోండి, పండగ ఆదివారాల్లో టీయూ-142 దగ్గర క్యూ పొడుగ్గా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి విమానం మెట్లు కష్టం, కింద హాల్లో పరికరాలు చూస్తే సరిపోతుంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఈ నడక వద్దు, హాంబర్గ్ నేలమాళిగల వర్ణన మెత్తగా చెప్పరు. ఇంటర్, డిగ్రీ పిల్లల్ని తప్పక పంపండి, చెర్వెల్ లెక్క వాళ్ళ చేత చేయించండి. మ్యాపు, ట్రేసింగ్ కాగితాలు ఇంటికి ఇచ్చేస్తారు, కార్డులు వెనక్కి తీసుకుంటారు. ఫోటో తీసుకోనిస్తారు, అడగండి. ఐదుకి మూడున్నర.